నాడె పట్టిన చేయి

మొన్న మా మనవడు టీవీలో ఆటగాళ్ళ వేలం చూస్తున్నాడు. నాకు సౌండు ఎంత పెట్టినా ఒకటే కాబట్టి, నేనున్న గదిలో వాళ్ళు టీవీని మూగగానే నడిపిస్తారు. సూటు వేసుకున్న ఒకాయన చిన్న సుత్తితో బల్ల మీద కొట్టాడు. ఎవరో కుర్రవాడి బొమ్మ వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. మనవడు నా చెవి దగ్గరకు వచ్చి అరిచాడు. "తాతా, గోల్‌కీపర్‌ను కొన్నరు!" నేను తలూపాను. వాడికి తెలియదు గానీ, ఆ మాట చెవిన పడితే ఇప్పటికీ నా కుడిచేయి తనంతట తాను పైకి లేవబోతుంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంటాను. ముసలాయనకు వణుకుడు రోగం వచ్చిందని మా కోడలు నన్ను రెండుసార్లు దవాఖానకు తీసుకెళ్ళింది. డాక్టరు నరాలన్నాడు. నేను కాదనలేదు.

డెబ్బైల్లో వరంగల్‌లో బట్టల మిల్లు అంటే అందరికీ గుర్తొచ్చే పెద్ద మిల్లు వేరే. మాది దాని చాటున బతికిన చిన్న మిల్లు. చిన్నదైనా దానికి ఫుట్‌బాల్ జట్టు ఉండేది, జట్టుకు ఒక ఆనవాయితీ ఉండేది. జట్టులోకి వచ్చిన బద్లీ మనిషి ఇవాళ కాకపోతే రేపు పర్మినెంట్ అవుతాడు. బద్లీ అంటే, తెల్లారి ఆరింటికల్లా గేటు ముందు నిలబడాలి. లోపల ఎవరైనా పనికి రాకపోతే వాళ్ళ మగ్గం మీదికి మనల్ని పిలుస్తారు. అందరూ వచ్చారా, సద్దిగిన్నె పట్టుకుని ఇంటికి తిరిగి పోవాలి. ఎవరికి జ్వరం వస్తుందా అని ఎదురుచూసే బతుకది. నేను మూడేళ్ళు అట్లా నిలబడ్డాను. నా పక్కన నిలబడే దోస్తు ఆరేళ్ళు నిలబడ్డాడు. వాడికి పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా, పర్మినెంట్ కాగితం చేతికొచ్చాక మాట్లాడుకుందామని వెళ్ళిపోయారు.

జట్టును కట్టేది మా మేనమామ. ఆయన మగ్గాల షెడ్డులో జాబర్, అంటే ఒక వరుస మగ్గాలకూ వాటిని నడిపేవాళ్ళకూ పెద్ద దిక్కు. షెడ్డు సంగతి కొంచెం చెప్పాలి. మగ్గాల్లో అడ్డదారాన్ని మోసే నాడెలన్నీ ఒకేసారి అటూ ఇటూ కొట్టుకుంటుంటే పక్కన నిలబడి గొంతు చించుకున్నా వినపడదు. అయిదేళ్ళు పనిచేసినవాడికి బయట కూడా వినపడదు. అందుకని మా షెడ్డు వాళ్ళకు చేతుల భాష ఒకటి ఉండేది. అరచెయ్యి ఛాతీ మీద పెడితే 'ఇది నేను చూసుకుంటా' అని. పిడికిలి ఎత్తి రెండుసార్లు తెరిస్తే 'ఆగు, అటు చూడు, దెబ్బ తగులుతుంది' అని. దారం తెగిందనడానికీ, జాబర్ వస్తున్నాడనడానికీ, ఛాయ్ తాగుదామా అనడానికీ, ఇంటిది అలిగిందనడానికీ సైగలుండేవి. చివరిదానికి రెండు రకాలుండేవి.

మామ ఆటగాణ్ణి గ్రౌండులో చూసి ఎంచేవాడు కాదు, మగ్గం దగ్గర చూసేవాడు. నాలుగు మగ్గాలు నడిపేవాడు మొదటిదాని మీద ముడి వేస్తూ నాలుగోదాని మీద దారం తెగబోవడం కనిపెట్టాడంటే వాణ్ణి నడిమిట్ల హాఫ్‌లో పెట్టేవాడు. తెగిన దారాన్ని బూతులు తిట్టేవాణ్ణి ముందు పెట్టేవాడు, వెనక పెడితే కొంప ముంచుతాడని. నన్ను లెఫ్ట్ బ్యాక్‌లో ఎందుకు పెట్టావని అడిగితే, "నువ్వు భయపడుతవ్ అల్లుడా. భయపడెటోడు జాగ్రత్తగ ఉంటడు" అన్నాడు. అప్పుడు దాన్ని మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను.

దోస్తు జట్టులోకి వచ్చింది ఇంకో తీరు. ఒకరోజు మా ఇద్దరికీ లోపల పని దొరికింది. నా మగ్గం మీంచి నాడె ఎగిరింది. రెండు కొసలకూ ఇనుప ములుకులున్న కట్టెముక్క అది, తగిలితే కన్ను పోతుంది. నేరుగా మామ మొహం మీదికి పోతోంది. పక్క మగ్గం దగ్గరున్న దోస్తు కుడిచెయ్యి చాపి దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు, ఎవరో ఇచ్చింది అందుకున్నట్టు. మామ ఆ నాడెను చూశాడు, వాడి చేతిని చూశాడు, సాయంత్రం గ్రౌండుకు రమ్మని సైగ చేశాడు. దోస్తు అంతకుముందు బంతిని కాలితో కూడా తన్ని ఎరగడు. రెండేళ్ళలో జిల్లాలో వాడంతటి గోల్‌కీపర్ లేడనిపించుకున్నాడు.

మేము ఆడుతుంటే గ్రౌండులో చప్పుడుండేది కాదు. పదకొండు మందిమీ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా ఎందుకో గొంతు తగ్గించుకునేవాళ్ళు. కాజీపేట జట్టు కెప్టెన్ ఒకసారి నాతో, "మీతోని ఆడుతాంటే బొందలగడ్డల ఆడినట్టుంటది భయ్" అన్నాడు. శ్మశానంతో పోల్చాడని మామకు చెబితే చాలా సంతోషించాడు. కానీ జిల్లా కప్పులో మూడేళ్ళు వరుసగా ఫైనల్ దాకా పోయి మూడేళ్ళూ ఓడిపోయాం. మాకు గోల్ కొట్టేవాడు లేడు. మా మిల్లులోనే నూలు వడికే స్పిన్నింగ్ విభాగంలో మంచి ఫార్వర్డ్ ఒకడున్నాడు గానీ, మామ దృష్టిలో స్పిన్నింగ్ వాడంటే వేరే దేశపు మనిషి.

ఇక బావ. మామ కొడుకు, మా అక్క మొగుడు, మిల్లు లేబర్ ఆఫీసులో గుమాస్తా. షెడ్డు చప్పుడు ఎరగని చెవులు, ఇస్త్రీ చెదరని చొక్కా. కొత్త మేనేజర్ ఆయనను జట్టుకు సెక్రెటరీని చేశాడు. బావ సిద్ధాంతం ఒకటే. "ఆడెటోనికి నౌకరి ఇయ్యాలె గని, నౌకరి చేసెటోనితోని ఆడిస్తే కప్పు రాదు." హైదరాబాద్ పోయి, క్లబ్బుల్లో ఆడే నలుగుర్ని తెచ్చాడు. వాళ్ళకు మగ్గమంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన పని లేదు. వచ్చినరోజే నలుగురికీ పర్మినెంట్ కాగితాలు. ఆ మర్నాడు పొద్దున గేటు ముందు బద్లీలు నిలబడ్డ తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. ఒక్క చెయ్యీ కదలలేదు.

ఇంట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. పక్కపక్కనే కూర్చుని తినేవాళ్ళు, మాటలన్నీ మా అక్క మీదుగా పోయేవి. "మీ మామకు చెప్పు, కప్పు రాకపోతే మేనేజర్ జట్టునే తీసేస్తా అంటాండని." అక్క అన్నం వడ్డిస్తూ మామ వైపు తిరిగేది. "నీ మొగనికి చెప్పు బిడ్డా, అతుకేసిన బట్ట అతుకు కాడనే చినుగుతదని." అక్క అటు తిరిగేది. మధ్యలో పప్పుచారు చల్లారేది. నవ్వుకున్నాం అప్పుడు. కానీ బావ చెప్పింది నిజం. షెడ్డులో ఆపేసిన చివరి వరుస మగ్గాల మీద అప్పటికే గోనెసంచులు కప్పారు. పీనుగుల మీద కప్పినట్టు ఉండేవి, వాటి పక్కనుంచి పోయేటప్పుడు మేము అటు చూసేవాళ్ళం కాదు. కప్పు గెలిస్తే జట్టులో ఉన్న ముగ్గురు బద్లీలను పర్మినెంట్ చేస్తానని మేనేజర్ మాటిచ్చాడు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి, దోస్తు ఒకడు. ఓడితే జట్టూ లేదు, ఆ దారీ లేదు.

చివరికి ఏడుగురు షెడ్డు వాళ్ళు, నలుగురు హైదరాబాద్ వాళ్ళు అని కుదిరింది. వాళ్ళు అరిచి ఆడతారు, మావాళ్ళకు వినపడదు. మావాళ్ళు సైగ చేస్తారు, వాళ్ళు అటు చూడరు. అప్పటికి నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. బావ నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "బామ్మర్దీ, రెండు దిక్కులా తెలిసినోనివి నువ్వొక్కనివే. వాళ్ళకు నోటితోని చెప్పు, మనోళ్ళకు చేతితోని చెప్పు. గంతే, ఏం ఫికర్ జెయ్యకు." నెల రోజులు అదే చేశాను, బాగానే చేశాను. మామ మాత్రం ఫైనల్ ముందురోజు మగ్గం మీద ఒక పోగు చూపించాడు. అది సన్నగా వణుకుతోంది. "తెగేముందు గిట్లనే వణుకుతది అల్లుడా. జర చూసుకో" అని చేతులతో చెప్పాడు. పోగు సంగతే అనుకుని ముడి వెయ్యబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

కాజీపేట వాళ్ళతో ఫైనల్ రోజు పొద్దుటి నుంచీ మబ్బు. వాన పడదు, గాలి ఆడదు. హన్మకొండ గ్రౌండుకు మిల్లంతా వచ్చింది, గేటు దగ్గర నిలబడే బద్లీలు వచ్చి ఒక మూలన గుంపుగా నిలబడ్డారు. మేము గెలవాలనుకుంటున్నారో ఓడాలనుకుంటున్నారో వాళ్ళ మొహాలు చూస్తే తెలియలేదు. హైదరాబాద్ ఫార్వర్డ్ మొదటి సగంలోనే గోల్ కొట్టాడు. బావ ఎగిరి గంతేశాడు. మామ కూర్చున్నచోటు నుంచి కదలలేదు.

ఆట ఇంకా అయిదు నిమిషాలుందనగా కాజీపేట వాళ్ళు బంతిని ఎత్తుగా మా గోల్ మీదికి కొట్టారు. దోస్తు అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని గోల్ కర్ర వైపు ఉరికాడు, ఇది నాది అని. మా సెంటర్ హాఫ్, హైదరాబాద్ పొడుగాయన, బంతినే చూస్తూ, కేక వేస్తూ వెనక్కి ఉరుకుతున్నాడు. ఒకరికొకరు కనపడలేదు. ఇద్దరూ నాకు కనపడుతున్నారు. నేను చేయాల్సింది చిన్న పని. పొడుగాయనకు 'వదిలెయ్' అని అరవాలి, లేదా దోస్తుకు పిడికిలి తెరిచి చూపాలి. రెంట్లో ఏ ఒక్కటి చేసినా చాలు. నేను రెండూ చేశాను, తారుమారుగా. పొడుగాయన వైపు తిరిగి పిడికిలి ఎత్తి రెండుసార్లు తెరిచాను. దోస్తు వైపు తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

పొడుగాయన మోకాలు, గోల్ కర్ర, మధ్యలో దోస్తు కుడిచెయ్యి. బంతి పైనుంచి బయటికి పోయింది. ఆ నిశ్శబ్దంలో ఎముక చప్పుడు చెవులున్న మా అందరికీ వినపడింది. పొడుగాయనే వాణ్ణి ఎత్తుకుని రిక్షా దాకా ఉరికాడు, "మేరెకు దిఖా నై భాయ్, దిఖా నై" అని, తనకు కనపడనే లేదని ఏడుస్తూ. మేము గెలిచాం. కప్పుతో దిగిన ఫొటోలో పది మందిమే ఉంటాం.

కాగితాలు వచ్చాయి. పర్మినెంట్ అయ్యేవాడు జాబర్ ముందు నిలబడి, నడుస్తున్న మగ్గం మీద తెగిన పోగుకు ముడి వేసి చూపించాలని మిల్లు రూలు. హైదరాబాద్ నలుగురికీ మేనేజర్ దాన్ని మాఫీ చేశాడు, మా ముగ్గురికీ చేయలేదు. నేను వేశాను. దోస్తు కట్టు విప్పిన మూడోరోజు వచ్చాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలు మాట వినడం లేదు. మామ మగ్గం ఆపించి మరీ మూడుసార్లు అవకాశం ఇచ్చాడు. మూడుసార్లూ పోగు జారింది. అంతటి షెడ్డులో ఎప్పుడూ నోరు విప్పని మామ వాడి చెవి దగ్గరకు వంగి, "కాదు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత ఆయన గ్రౌండు మొహం చూడలేదు.

హైదరాబాద్ వాళ్ళు ఏడాది తిరగకముందే ఇంకో ఊరి జట్టు పిలిస్తే వెళ్ళిపోయారు. గోనెసంచులు వరుస తర్వాత వరుసగా ముందుకొచ్చాయి. ఎనభైలు సగం దాటేసరికి నా మగ్గం మీదికీ వచ్చాయి, గేటుకు తాళం పడింది. పర్మినెంట్లమూ బద్లీలమూ ఒకే గేటు ముందు ఒకే తీరుగా నిలబడ్డాం. మామ మంచం పట్టినప్పుడు బావ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "బాపూ, వాళ్ళను తెచ్చింది నేను. వాని చెయ్యి ఇరగ్గొట్టింది నేనే" అని ఏడ్చాడు. మామ, "ఒప్పుకున్నది నేను గదరా" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత తండ్రీకొడుకులు అక్క లేకుండా మాట్లాడుకున్న మొదటి మాటలవి. నేను అక్కడే మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాను. మామ పద్ధతీ మంచిదే, బావ పద్ధతీ మంచిదే, చెడగొట్టింది నేనని నాకు తెలుసు. వాళ్ళకు చెప్పలేదు. ఆ చెప్పని మాటకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను.

దోస్తు పాత మిల్లు గేటు ఎదురుగా ఛాయ్ కొట్టు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో ఛాయ్ పోస్తాడు. నేను రోజూ పోతాను. వేలం చూసిన మర్నాడు కూడా పోతున్నాను, ఏదో ఆలోచిస్తూ రోడ్డు మీద అడుగు పెట్టాను. అవతల దోస్తు చటుక్కున కుడిచెయ్యి ఎత్తాడు. ఆ పిడికిలి ఇప్పుడు పూర్తిగా తెరుచుకోదు, రెండు వేళ్ళే లేస్తాయి. అవే రెండుసార్లు లేచాయి. ఆగిపోయాను. నర్సంపేట వైపు పోయే లారీ నా పంచెను రాసుకుంటూ పోయింది. నాకు దాని హారన్ కూడా వినపడలేదు.

బల్ల మీద కూలబడ్డాను. వాడు ఛాయ్ చేతిలో పెట్టి పొయ్యి వైపు తిరిగాడు. ఇక దాచలేకపోయాను. గ్లాసులోకి చూస్తూ మొత్తం చెప్పాను, ఎవరికి అరిచానో, ఎవరికి సైగ చేశానో, మంచం దగ్గర ఎందుకు నోరు మూసుకున్నానో. చెప్పడం అయ్యాక తలెత్తితే వాడి వీపు కనపడింది. పాలు పొంగకుండా గరిటె తిప్పుతున్నాడు. షెడ్డు వాడి చెవులు, ఒక్క ముక్క కూడా పడలేదు. ఇటు తిరిగి, చక్కెర చాలా అని సైగ చేశాడు. చాలని నేనూ సైగ చేశాను. ఫైనల్ రోజు కాలం నాకు ఒక్క క్షణం ఇచ్చింది, ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా ఇచ్చింది, రెంటినీ నేను ఒకే తీరుగా పోగొట్టుకున్నాను.