ఆయన చెయ్యి పైకెత్తినప్పుడు

మధురవాడకి ఐటీ ఆఫీసులు కొత్తగా వస్తున్న రోజులవి. పెళ్లయిన ఎనిమిదేళ్లకి మావారు నన్ను జూక్ క్లాసులో చేర్పించి, తనూ చేరారు. అది బ్రెజిల్ వాళ్ల జంట డాన్సు. అంతకు ముందు ఏడాది ఆయన కోపంలో ఒక్కసారి నా మీద చెయ్యి చేసుకున్నారు. తర్వాత చాలా మారారు. మళ్లీ దగ్గరవుదామని ఇద్దరికీ ఆశ.

మూడో వారం మాస్టారు ఆడవాళ్లని కళ్లు మూసుకోమన్నారు. జతగాడు ఎటు నడిపిస్తే అటు వెళ్లాలి. పాట మధ్యలో జతలు మారుతుంటాయి. పేరు కూడా తెలియని ఇద్దరితో హాయిగా తిరిగాను. మావారి వంతు వచ్చేసరికి కళ్లు మూతపడలేదు. నన్ను తిప్పడానికి ఆయన చెయ్యి పైకెత్తగానే మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టేసుకున్నాను. మాస్టారు పాట ఆపేశారు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

మెట్లు దిగుతూ ఆయన మెల్లగా అన్నారు, "నాను మళ్లీ ఎప్పుడూ కొట్టనేదు కదే."

"లేదండి."

"మరేటి?"

క్లాసు మానేశాం.

అప్పట్నుంచీ ఆయన నా దగ్గరికి వచ్చేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంటారు. వద్దని చెప్పాలనుకుంటాను. చెప్పలేను. అలా ఉంటేనే నాకు నెమ్మదిగా ఉంటుంది.