కంగారుపడకండి, ఇది మీవాళ్ళ ఉత్తరం కాదు

పంతులమ్మగారు పోయారన్న సంగతి నాకు కొబ్బరి పీచు మిల్లులో పనిలో ఉండగా తెలిసింది. మిషను ఆడుతోంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. నోరు కదులుతోంది గాని మాట వినపడటం లేదు. మిషను ఆపించాను. అంత చప్పుడూ ఒక్కసారిగా ఆగేసరికి అమ్మ మాట అరుపుగానే వచ్చి మీద పడింది.

"పంతులమ్మగారు వెళ్ళిపోయేరే!"

"ఎవరు? మీ చుట్టాలా?" అన్నాడు మేస్త్రీ.

"కాదండి. పక్కింటావిడ."

"చుట్టం కాపోతే సాయంత్రం ఎల్దువుగానిలే. లోడు వెళ్ళాలి."

తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, ఒంటిమీద పీచు దులుపుకుని వచ్చేశాను. ఆవిడ మాకేమవుతారో అతనికి చెప్పే ఓపిక ఆ పూట నాకు లేదు. ఇప్పుడు మీకు చెబుతాను.

పేరు రాయను. మా పేటలో ఎవరూ ఆవిణ్ని పేరుతో పిలవలేదు, రాస్తే ఎవరి గురించో రాసినట్టుంటుంది. మాది రాజోలు దగ్గర. మా బడిలో చిన్న తరగతులకి చెప్పి, అక్కడే రిటైరయ్యారు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య కొబ్బరాకుల దడి ఒకటే అడ్డం. ఇటు చేప వేగితే అటు వాసన, అటు ఆవిడ దగ్గితే ఇటు మాకు మెలకువ.

మా పేట మగవాళ్ళు చాలామంది మస్కట్టులోనో కువైట్లోనో ఉండేవారు. వాళ్ళ ఉత్తరాలు చదివిపెట్టేది పంతులమ్మగారే. దానికి ఆవిడకో పద్ధతి ఉండేది. కవరు చింపి, ముందు తనొక్కరే మొత్తం మనసులో చదివేసుకునేవారు. ఎదురుగా కూచున్న మనిషి ఆవిడ మొహంలోకే చూస్తూ కొంగు నలుపుకుంటూ ఉండేది. చదవడం అయ్యాక కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని, "అంతా బాగున్నారమ్మా. ఇప్పుడు చదువుతాను" అనేవారు. ఆ మాట అన్నాకే పైకి చదివేవారు.

"ముందే చెప్పేస్తే ఇంకేం ఉంటదండీ?" అని ఓసారి అడిగాను.

"భయం పెట్టుకు కూచున్న మనిషికి చెవులు పనిచెయ్యవే" అన్నారు.

బాగులేని కబురు ఉంటే ఆ మాట అనేవారు కాదు. కాస్త దగ్గరికి జరిగి కూచునేవారు. అంతే, అవతలి మనిషికి తెలిసిపోయేది.

తొంభైల్లో అమలాపురంలో కొందరు చర్చి పెద్దలు కలిసి, చదువురాని వాళ్ళ కోసం బైబిలు క్యాసెట్లలోకి ఎక్కించే పని పెట్టుకున్నారు. చదవడానికి మంచి గొంతులు దొరికాయి. కాని ఒక్కో పుస్తకం మొదలయ్యే ముందు, వినేవాళ్ళని దాని గుమ్మందాకా తీసుకెళ్ళే నాలుగు ముక్కలు కావాలి. అవి రాసి, తన గొంతుతోనే చెప్పే పని పంతులమ్మగారికి వచ్చింది.

నాలుగు ముక్కలేగా అనుకుంటారేమో. అచ్చు పుస్తకంలో ముందుమాట నచ్చకపోతే పేజీ తిప్పేస్తారు. క్యాసెట్టుతో అది కుదరదు. వినేవాళ్ళ చేతులు పనిలో ఉంటాయి, కళ్ళు పనిలో ఉంటాయి, ఖాళీగా ఉన్నది చెవి ఒక్కటే. అది కూడా సగం పొయ్యి మీద అన్నం వైపు ఉంటుంది.

అందుకని ఆవిడ రాసింది పట్టుకుని మా పెరట్లోకి వచ్చేవారు. అక్కడ అమ్మా, దీనమ్మ పిన్నీ, ఇంకొందరూ కొబ్బరి తాడు పేనేవారు. రాట్నం తిరుగుతుండగానే చదివేవారు. ఎవరైనా ఆపబోతే ఒప్పుకునేవారు కాదు.

"మీరు పని ఆపి వింటే నాకేం తెలుస్తదే? తిప్పండి, తిప్పండి."

వింటూ వింటూ ఎవరైనా "ఆయనెవరండీ?" అన్నారంటే ఆ కాగితం పని అయిపోయినట్టే. "నువ్వు అడిగేవంటే నేను చెప్పలేదన్నమాట" అని లేచి వెళ్ళి, మళ్ళీ రాసుకొచ్చేవారు. ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో ఉండి. ఈ మూడూ తెలియాలి. మూడోది తెలియకపోతే మొదటి రెండూ ఎవరిక్కావాలి అనేవారు.

దీనమ్మ పిన్ని ఊరుకునేది కాదు. "ఆయ్, ఇన్నిసార్లు రాస్తన్నారు, అసలు రాసినాయన కూడా ఇన్నిసార్లు రాసుండడండీ."

"ఆయనకి నువ్వు తగల్లేదు కదే, బతికిపోయేడు."

రికార్డింగు వాళ్ళింట్లోనే. గోడలకి కొబ్బరి పీచు చాపలు, బొంతలు వేలాడగట్టి, ఫ్యాను ఆపేసి, తలుపులు మూసుకుని చేసేవారు. అమలాపురం నుంచి మిషను పట్టుకుని ఒకాయన వచ్చేవారు. మంచి మనిషే, పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేసే రకం. బయటికొచ్చేసరికి ఇద్దరూ చెమటతో కాలవలో మునిగి లేచినట్టుండేవారు.

అసలు సంగతి ఫిలిప్పీయుల పత్రిక దగ్గర జరిగింది. అది పౌలు జైల్లో ఉండి, సంతోషంగా ఉండమని తనవాళ్ళకి రాసిన ఉత్తరం. దానికి చెప్పిన ముందుమాట క్యాసెట్టులోకి ఎక్కించాక, తను ఎదురుగా లేకపోయినా జనానికి అర్థమవుతుందో లేదో చూద్దామని, దడి అవతల తన వసారాలో టేపురికార్డరు పెట్టి, దీనమ్మ పిన్నిని వినమని చెప్పి, పంతులమ్మగారు బజారుకి వెళ్ళారు. ఇవేమీ మా అమ్మకి తెలియదు, ఆ కాగితం చదివిన రోజున తను పెరట్లో లేదు. దడికి ఇవతల గిన్నెలు తోముకుంటోంది. మా నాన్న మస్కట్టులో ఉన్నాడు. ఉత్తరం వచ్చి చాలా నెలలైంది.

దడి అవతల నుంచి పంతులమ్మగారి గొంతు వినిపించింది. "ఇదొక ఉత్తరం. రాసినాయన జైల్లో ఉన్నాడు. చేతులకి సంకెళ్ళున్నాయి. బయటికొస్తాడో రాడో ఆయనకే తెలీదు."

"అంతా బాగున్నారమ్మా" అన్న మాట ముందు రాలేదు.

మా అమ్మ చేతిలో గిన్నె అక్కడే వదిలేసి, దడి మీద పడి, దడితో సహా అవతలికి కూలిపోయింది. "బాబోయ్, మస్కట్టులో నా మొగుణ్ణి జైల్లో పెట్టేసేరో" అని ఏడుపు. పేటంతా పోగైంది. జైలెందుకని అడిగేవాళ్ళొకరు, ఎంబసీకి వెళ్ళాలనేవాళ్ళొకరు. దీనమ్మ పిన్నికి నవ్వాలో ఏడవాలో తెలీక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టేపురికార్డరు మాత్రం దాని మానాన అది సంతోషంగా ఉండమని చెబుతూ పోతోంది. ఇంతలో బెండకాయల సంచీతో పంతులమ్మగారు వీధిలోంచి వచ్చారు. మా అమ్మ ఆవిణ్ని చూసింది, టేపురికార్డరుని చూసింది, మళ్ళీ ఆవిణ్ని చూసింది.

జనం పడి పడి నవ్వారు. తర్వాత చాన్నాళ్ళు దీనమ్మ పిన్ని ఏడిపించేది. "ఏవే, జైల్లో మీ ఆయనకి కూర ఏమేస్తన్నారంట?"

"నీ మొగుణ్ణి కూడా పంపు, వడ్డించడానికి మనిషి కావాలంట" అనేది అమ్మ.

పంతులమ్మగారు ఒక్కరే నవ్వలేదు. దడి కింద గీరుకుపోయిన అమ్మ మోచెయ్యి కడిగి పసుపు అద్దుతూ, "నాది తప్పు. ముందు చెప్పాల్సిన మాట ముందు చెప్పలేదు" అన్నారు. మా నాన్న ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. బాగానే ఉన్నాడు. బద్ధకం, అంతే.

ఆ ముందుమాట మళ్ళీ రాశారు. ఈసారి మొదటి మాటే ఇది: "అమ్మా, కంగారుపడకండి. ఇది మీవాళ్ళ ఉత్తరం కాదు."

అది చెబుతుంటే బయట కాకి అరిచింది. సరిగ్గా ఆ రెండో వాక్యం అయిన చోట. "మళ్ళీ చెప్పాలండి" అన్నారు రికార్డింగాయన. "ఉండనియ్యండి బాబూ, అదీ మన పేటదే" అన్నారీవిడ. ఈలోగా కరెంటు పోయింది. కాకి ఉండిపోయింది.

అసలు పేచీ కాకితో రాలేదు, ఆ రెండు వాక్యాలతో వచ్చింది. పెద్దలు ఒప్పుకోలేదట. రికార్డింగాయన మొహమాటపడుతూ వచ్చి చెప్పారు.

"పరిశుద్ధ గ్రంథం ముందు కంగారూ అదీ ఏంటని అంటన్నారండి. గంభీరంగా ఉండాలంటన్నారు."

"వాళ్ళింట్లో ఎవరైనా మస్కట్టులో ఉన్నారాండీ?"

"లేరండి."

"అయితే వాళ్ళ కోసం కాదు లెండి ఇది. ఈ మాట తీసేస్తే మిగిలినవన్నీ తీసెయ్యమనండి. నా గొంతు ఎక్కడా ఉండక్కర్లేదు."

ఆవిడ గొంతు పెద్దది చెయ్యలేదు. ఆయన ఆయ్ ఆయ్ అంటూ వెళ్ళారు. ఏం చెప్పుకున్నారో, ఆ మాట ఉండిపోయింది. క్యాసెట్లు వచ్చాయి. మా ఇంట్లో ఆ క్యాసెట్టు ఎంత తిరిగిందంటే, రీలు చుట్టుకుపోయినప్పుడల్లా పెన్సిలు పెట్టి సరిచెయ్యడం అమ్మకి తాడు పేనడం కంటే బాగా వచ్చేసింది. వరద వచ్చిన ఏడు తడిసిపోయింది. ఎండలో పెట్టింది, ఆడలేదు. పేటలో మిగతా క్యాసెట్లూ అలాగే ఒక్కొక్కటే పోయాయి.

తర్వాత సీడీలొచ్చాయి. ఇక్కడ నాకు మండుతుంది, మెత్తగా రాయడం నాకు చేతకాదు. కొత్త సీడీల్లో ముందుమాటలు లేవు. ఒక్కటి కూడా లేదు. వయొలిన్లు వాయిస్తారు, ఓ పట్నం గొంతు పుస్తకం పేరు చెబుతుంది, అధ్యాయం చెబుతుంది, మొదలుపెట్టేస్తుంది. తీసేసిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఓ కార్డు ముక్క రాయడానికి చేతులు పడిపోయాయా? దీనమ్మ పిన్ని కొడుకు సీడీ కొనితెచ్చి, పంతులమ్మగారి గొంతు విందామని ఆవిణ్నే కూచోబెట్టి పెట్టాడు. వయొలిన్లు అయిపోయాయి. పట్నం గొంతు వచ్చింది. ఆవిడ చివరిదాకా విన్నారు.

"శుభ్రంగా ఉంది. కాకులూ అవీ లేవు" అన్నారు.

ఆ రోజు నుంచి మా పెరట్లోకి రావడం తగ్గించేశారు. పిలిస్తే, "ఇప్పుడు నాతో పనేముందే అక్కడ" అనేవారు. ఆయాసం వచ్చి మంచం పట్టాక అమ్మ రోజూ గంజి పట్టుకెళ్ళేది. ఓరోజు అమ్మతో అన్నారట, "గాలిలో చెప్పిన మాట కదే, గాలికే పోయింది." మా అమ్మ గంజి చల్లారిపోతోందని చెప్పి వచ్చేసింది. ఆ తర్వాత వారం దాటలేదు.

శవాన్ని ఎత్తకముందు ఆ పెద్దల్లో ఒకాయన దండ పట్టుకొచ్చి, ఆవిడ తన స్వరాన్ని దేవుని పనికి అరువిచ్చారని మాట్లాడారు. అరువు తీసుకున్నవాళ్ళు ఏం చేశారో చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు. నేను లేవబోతే అమ్మ నా రెక్క పట్టుకుని కూచోబెట్టేసింది. "ఆవిడ గుమ్మంలో అరవకు."

సమాధుల తోటలో పెట్టె దించే ముందు పాస్టరుగారు బైబిలు తెరిచారు. ఆయన మా పేటకి కొత్త. ఫిలిప్పీయుల పత్రిక, మొదటి అధ్యాయం అన్నారు.

"ఉండండి బాబూ" అంది మా అమ్మ.

"ఏంటమ్మా?"

"ముందరిది చెప్పలేదండి."

"ఏ ముందరిదమ్మా?"

"పంతులమ్మగారిదండి. అది లేకుండా ఎలా మొదలెడతారండి?"

ఆయన మా మొహాలన్నీ చూశారు. బైబిల్లో వేలు పెట్టి మూసి, "చెప్పండమ్మా" అన్నారు.

అమ్మ చదువుకోలేదు. దీనమ్మ పిన్నీ చదువుకోలేదు. అమ్మ పెట్టె వైపు కొంచెం దగ్గరికి జరిగి నిలబడింది.

"అమ్మా, కంగారుపడకండి. ఇది మీవాళ్ళ ఉత్తరం కాదు."

అప్పటికే దీనమ్మ పిన్ని గొంతు కలిసింది, ఆ వెనక తాడు పేనే ఆడవాళ్ళందరి గొంతులూ కలిశాయి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. రాట్నం తిప్పుతూ తిప్పుతూ పట్టేసుకున్నారు. ఆ మాటలు పోలేదని ఆవిడకి తెలియదు. తెలియకుండానే వెళ్ళిపోయారు. నాకు అన్నిటికంటే కోపం దాని మీదే, ఆ కోపం ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియడం లేదు.

రెండో వాక్యం అవగానే అందరూ ఒక్కసారిగా ఆగారు. పాస్టరుగారు మర్చిపోయారనుకుని తలెత్తి చూశారు. ఎవరూ మర్చిపోలేదు. క్యాసెట్టులో అక్కడ కాకి అరుస్తుంది. అది అరిచేంతసేపు చోటు వదిలి, పీచు పట్టిన చేతులు కట్టుకుని, పెట్టె చుట్టూ ఊరికే నిలబడ్డారు.