రెండో తరగతిలో నేనూ మా అమ్మాయీ

మా పెద్దమ్మాయికి కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని వీధరుగు దాకా పోయొచ్చేది. జడ వేద్దామని కూర్చోబెడితే, పాయలు తీసేలోపే లేచి కోడిపిల్లల వెంట పడేది. సగం అల్లిన జడతోనే తెనాలిలో మా వీధంతా తిరిగేది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ అవన్నీ ముద్దుముచ్చట్లే. బడిలో వేశాక తీరింది మా సరదా.

అరవైల చివరి మాట ఇది. మా అత్తగారిల్లు తెనాలి. మా ఆయనకి బాపట్లలో గుమాస్తా ఉద్యోగం. అక్కడ ఒక గది తీసుకుని ఉంటూ, శనివారం సాయంత్రం రైల్లో వచ్చి సోమవారం తెల్లారగానే వెళ్లిపోయేవారు. అందుకని బడి నుంచి కబురొస్తే పోవాల్సింది నేనే. కబురు రాని వారం ఉంటేనా? లెక్క చెప్తుంటే లేచి కిటికీ దగ్గరికి పోయిందట. అందరూ ఎక్కాలు వల్లె వేస్తుంటే ఇది మధ్యలో పాట ఎత్తుకుందట. పక్కపిల్ల బలపం ఇవ్వనంటే చెయ్యి కొరికిందట. గోడకుర్చీ వేయించారు, తొడపాశం పెట్టారు. ఒకరోజు విసుగెత్తి మాస్టారు తన కండువాతో దాని కాలు బల్లకోడుకి కట్టేస్తే, బల్లని ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చిందట. నాకు నవ్వాగలేదు. ఆయన మొహం చూసి మింగేశాను. ఇంకోసారి ఇలా జరిగితే పేరు కొట్టేస్తాం, పిల్లని ఇంట్లోనే పెట్టుకోండి అన్నారాయన.

దాంతో నా నవ్వు ఎగిరిపోయింది. మగపిల్లాడి పేరు కొట్టేస్తే తన్నో తిట్టో ఇంకో బడిలో వేస్తారు. ఆడపిల్ల పేరు కొట్టేశారంటే ఇక అంతే సంగతులు. చీపురు చేతికిస్తారు, నాలుగేళ్లు పోతే సంబంధాలు చూస్తారు. మా అత్తగారు అప్పుడే మొదలెట్టారు కూడా. ఆడపిల్ల చదివి ఊళ్లేలాలా, సంతకం పెట్టడం వస్తే చాలదా అని.

అలాగని ఆవిడ చెడ్డదని కాదు. మనవరాలంటే ప్రాణం పెట్టేది. ఎండుమిరపకాయలు దిగదుడిచింది, తాయెత్తు కట్టించింది, పొద్దున్నే సరస్వతి ఆకు నమిలించింది. ఏదీ పని చేయకపోయేసరికి ఒకనాడు ఉన్నట్టుండి ఆవిడకి అసలు సంగతి తట్టింది. నా పురుడు రేపల్లెలో పుట్టింట్లో జరిగింది. నొప్పులు పడలేక నేను అల్లాడుతుంటే, బిడ్డ క్షేమంగా పుడితే పుట్టువెంట్రుకలు నీకేనని మా అమ్మ ఊరి అమ్మవారికి మొక్కింది. తీరా ఏడాది తిరిగాక మా అత్తగారు వాళ్ల ఇంటిదేవుడి దగ్గరికి తీసుకెళ్లి తీయించేశారు. మా అమ్మ వియ్యపురాలికి ఎదురుచెప్పలేక నోరు మూసుకుంది. ఇంకేం, మొక్కు ఎగ్గొట్టామని అమ్మవారు పిల్ల కాళ్లలో కూర్చుందన్నమాట. వినడానికి ఎంత బాగా అతికిందో చూడండి. నాక్కూడా నిజమేననిపించింది.

మర్నాడే రేపల్లె రైలెక్కాం. ఏడేళ్ల పిల్లకి, బడి నడుస్తుండగా, నున్నగా గుండు చేయించాం. ఇద్దరం పట్టుకున్నా తల తిప్పుతూనే ఉంది. రెండుచోట్ల కత్తి గీసుకుంది. నెత్తిన చందనం పూసి, ఇక పిల్ల కుదురుకుంటుందని అందరం సంబరపడ్డాం.

మావైపు పిల్లలకో ఆచారం ఉంది. కొత్తగుండు కనబడితే వేలు మడిచి టెంకిజెల్ల కొట్టాలి. కొట్టకపోతే పాపమన్నట్టు వెంటపడి మరీ కొడతారు. సోమవారం బడికెళ్లిందో లేదో వరసపెట్టి మొదలెట్టారు. ఆ గాట్ల మీదే. కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత పలక చెక్కతో ఒక కుర్రాడి నుదురు పగలగొట్టింది. చొక్కా మీదంతా నెత్తురు. ఆ పూటే దాని పేరు కొట్టేశారు.

అమ్మవారికి ఇంకా కోపం చల్లారలేదు, పోనీలే ఇంటిపట్టున ఉంటుంది అన్నారు మా అత్తగారు. అమ్మవారి కోపం సంగతి నాకు తెలీదు గానీ, నాకు మాత్రం నెత్తికెక్కింది. అసలే ముక్కుమీద కోపం నాది. ఇక ఆవిణ్ణి ఒక్కమాటా అడగలేదు. ట్రంకుపెట్టె సర్ది, పిల్ల రెక్క పట్టుకుని, పొద్దున రైలుకి బాపట్లలో దిగాను.

మా ఆయన మమ్మల్ని చూసి బిక్కచచ్చిపోయారు. తెనాలిలో పనికిరాని పిల్లని బాపట్లలో ఎవరు చేర్చుకుంటారే అని ఆయన బాధ. వీధి చివరి బళ్లో ఒక పంతులమ్మగారుండేది. ఆవిడ దగ్గర ఏదీ దాచలేదు. కొరకడం, బల్ల ఈడ్చడం, నుదురు పగలగొట్టడం అన్నీ చెప్పేశాను. ఆవిడ పిల్లనీ నన్నూ మార్చిమార్చి చూసి, ఇంతమందిని వదిలి దీని వెంట పడలేను, పక్కన మీరు కూర్చుంటానంటే చేర్చుకుంటాను అంది. వదిలించుకోవడానికి అందని నాకూ తెలుసు. సరేనన్నాను.

పొద్దున్నే వంట తెముల్చుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, వెనకవరస చాప మీద మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. పిల్లలంతా వెనక్కి తిరిగి ఇకిలించారు. కాసేపటికి కిటికీ మీద దుమ్ము కనబడితే లేచి కొంగుతో తుడిచొచ్చాను. గుమ్మంలోకి మేకొస్తే తోలొచ్చాను. ముందువరసలో ఒక పిల్ల జడ ఊడిపోతుంటే వెళ్లి అల్లొచ్చాను. మంచినీళ్ల కుండ మీద మూత లేకపోతే పెట్టొచ్చాను. పంతులమ్మగారు సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"అమ్మా, మీ అమ్మాయి కూర్చునే ఉంది. లేస్తున్నది మీరే."

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం దాకా చెవిలో ఆ మాటే. నేను కూర్చోవడం అసలు ఎవరు చూశారు గనక? మా కోడలు చెయ్యి ఖాళీగా ఉండదని మా అత్తగారు పదిమందిలో చెప్పుకునేది. పనిమంతురాలినన్నారు, చురుకైనదాన్నన్నారు. అదే చురుకు నా కూతురికొస్తే గ్రహం పట్టిందన్నారు. నన్నూ నాలుగో తరగతిలో మాన్పించారు, ఇది బళ్లో నిలవదు, ఇంటిపనికైతే పనికొస్తుందని. ఆ రోజు నుంచీ నాకు కూర్చోవాల్సిన అవసరమే రాలేదు. నాకు ఏడుపొచ్చింది. నాకోసమా, దానికోసమా అంటే చెప్పలేను.

మర్నాడు పంతులమ్మగారితో ఒకటే మాట చెప్పాను. పురాణం వినేటప్పుడు నా చేతిలో వత్తులకి పత్తి ఉండాలండి, లేకపోతే ఒక్క ముక్క చెవికెక్కదు అని. చప్పుడు చేయకుండా చేసుకోండి అందావిడ. అలా వెనకవరసలో తల్లీ కూతుళ్లం పత్తి వత్తులు నులుముకుంటూ పాఠం విన్నాం. చేతులు ఆడుతుంటే దాని చెవులు పని చేసేవి. ఎక్కాలు వచ్చాయి, నాకూ మర్చిపోయినవి వచ్చాయి. పిల్ల మారిపోయిందని మాత్రం చెప్పను. మధ్యలో లేచేది, ఒకటి రెండుసార్లు గిల్లింది కూడా. కాకపోతే దాని పేరు ఎవరూ కొట్టేయలేదు.

ఏడాది పరీక్షల ముందు మా అత్తగారు వచ్చారు. కోడలు బడికి పోయి వత్తులు చేస్తోందట, ఇదేం చోద్యమని తెనాలిలో నవ్వుతున్నారట. ఇలా అటూ ఇటూ కాకుండా ఎందుకు, పిల్లని పంపండి, నేను చూసుకుంటాను అన్నారు. మా ఆయన ఆవిడకీ నాకూ మధ్య నలిగిపోయి, పరీక్ష కానివ్వమ్మా, తప్పితే నువ్వే తీసుకెళ్దువుగాని అనేశారు. పరీక్షకి తల్లుల్ని లోపలికి రానివ్వరు, పత్తి అసలే కుదరదు.

ఆరోజు బడి ప్రహరీ బయట నేనూ మా అత్తగారూ నిలబడ్డాం. కాసేపయింది. గుమ్మంలో మా అమ్మాయి కనబడింది, పలక లేకుండా, ఒక్కతే. అయిపోయిందనుకున్నాను. మా అత్తగారు నావైపు చూసి నిట్టూర్చారు, పాపం గెలిచానన్న సంతోషం కూడా కనబడలేదు ఆవిడ మొహంలో. పిల్ల నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఉన్నావో లేదో చూద్దామని వచ్చా. నువ్వు లోపలికి రామాకు, ఇక్కడే ఉండు."

అని చెప్పి, ఎవరూ పిలవకుండానే వెనక్కి తిరిగి లోపలికెళ్లిపోయింది. అది లేచి రావడం నాకు కొత్త కాదు. తనంతట తాను తిరిగి వెళ్లడం మాత్రం అదే మొదలు. ఎండెక్కింది, నీడలోకి రమ్మని మా అత్తగారు చెయ్యి పట్టుకుని లాగారు. అది మళ్లీ వచ్చి చూస్తే కనబడాలి కదండీ. గంట కొట్టేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు.