అత్తగారి గుప్పెడు కందిపప్పు

మొన్న నీళ్ల ఫిల్టర్ల కంపెనీ నుంచి ఒకాయన మా వంటింట్లోకి వచ్చి, కొళాయి నీళ్లు గ్లాసులో పట్టి, అందులో పెన్నులాంటి మీటరొకటి ముంచి, దాని మీద వెలిగిన అంకె చూసి, నాకేదో జబ్బు తేలినట్టు మొహం పెట్టాడు. "హార్డ్‌నెస్ బాగా ఎక్కువుందండి. వేసవి కదా, మీ అపార్ట్‌మెంట్ వాళ్లు ఏటి నీళ్లలో బోరు నీళ్లు కలుపుతున్నట్టున్నారు" అన్నాడు. కొళాయి మూతి చుట్టూ సున్నంలా పేరుకున్న తెల్లటి పొరని గోటితో గీకి చూపించాడు కూడా. ఆ పొర నాకు కొత్తేమీ కాదు, వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దేది నేనే. అయినా మర్యాద కోసం ఆశ్చర్యపోయాను. ఆయన వెళ్లాక చాలాసేపు నవ్వుకున్నాను. మా ఇంటి నీళ్ల సంగతి తేల్చడానికి ఈ మధురవాడకి మీటరు పట్టుకుని వచ్చినవాళ్లలో ఆయన రెండో మనిషి. మొదటి మనిషి మా అత్తగారు. ఆవిడ మీటరు గుప్పెడు కందిపప్పు. దాన్ని కొంగున ముడేసుకుని తిరిగేది.

మా అత్తగారిది గోస్తనీ ఒడ్డున వ్యవసాయం చేసుకునే ఊరు. ఏటి నీళ్లు తాగి పెరిగిన మనిషి. ఆ నీళ్లలో పప్పు పొయ్యి మీద పడేసి, పెరట్లో తోటకూర కోసుకొచ్చేలోపు మెత్తగా ఉడికిపోయేదని చెప్పుకునేది. ఎంత నిజమో నాకు తెలీదు, తన ఊరి గురించి ఆవిడ చెప్పేవాటిలో సగం తీసేసి వినాలి. కొడుక్కి ఓడరేవు దగ్గర ఉద్యోగం వచ్చి విశాఖలో కాపురం పెట్టాక ఆవిడ మాతోనే ఉంది. ఊరు మారినందుకు బెంగపడలేదు గానీ నీళ్లు మారతాయంటే బెంగపడేది. ఏ కొత్తిల్లు చూడబోయినా ముందు అక్కడి నీళ్లతో గుప్పెడు పప్పు ఉడకేసి చూడాల్సిందే. ఉప్పు వెయ్యదు, పసుపు వెయ్యదు, చుక్క నూనె వెయ్యదు. కుక్కరు మాట ఎత్తితే, "కుక్కర్లో రాళ్లేసినా ఉడుకుతాయే, అదేటి పరీచ్చ?" అనేది. ఉడికిన బద్దని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే మెత్తగా జారిపోవాలి. జారితే ఆ ఇంట్లో దిగొచ్చు. పలుకు తగిలిందా, గదులు ఎంత బాగున్నా, దేవుడి గూడు ఎంత ముద్దుగా ఉన్నా ఇంకో ఇల్లు వెతుక్కోవాల్సిందే.

అప్పట్లో మేం పాతూళ్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. కొళాయిలో వచ్చేవి ఏటి నీళ్లే, పప్పు చక్కగా ఉడికేది, అత్తగారికి ఏ లోటూ లేదు. గాలే బాగుండేది కాదు. పొద్దున్న ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఓడరేవు బొగ్గు మసి పట్టి బూడిదరంగుకి వచ్చేది. చీరకైతే సబ్బుంది. మా పెద్దపిల్లకి, అత్తగారి భాషలో ‘గుంట’కి, అప్పుడు రెండేళ్లు. చీకటి పడితే చాలు, దానికి ఆయాసం అందుకునేది, గొంతులో ఒకటే పిల్లికూతలు. దాన్ని భుజాన వేసుకుని తెల్లవార్లూ ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేదాన్ని. "ఈ దుమ్ములో ఉంచితే ఏ మందూ పనిచెయ్యదమ్మా, ముందు ఇల్లు మారండి" అని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు.

మారడానికి మేం సిద్ధమే, కందిపప్పే ఒప్పుకోలేదు. వరసగా నాలుగిళ్లు చూశాం, నాలుగుచోట్లా పలుకు తగిలింది. ఒక ఇంటావిడైతే, "ఇల్లు చూడ్డానికి వచ్చారా, వంటకొచ్చారా?" అని అడిగేసింది. నాలుగో ఇంటి నుంచి బయటికి రాగానే నాకు ఒళ్లు మండిపోయింది. నడిరోడ్డు మీద, పిల్లని చంకనేసుకుని, "మీకు పప్పు ఎక్కువా, మనవరాలు ఎక్కువా?" అనేశాను. పెళ్లయిన ఐదేళ్లలో ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడ బస్సు వచ్చేదాకా కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చుంది. మా ఆయన ఇద్దరికీ వేయించిన బఠాణీలు సమానంగా కొనిచ్చి ఆ పూటకి బతికిపోయాడు.

ఐదో ఇల్లు మధురవాడలో. ఇప్పటి మధురవాడ కాదు, అద్దాల ఆఫీసులూ లేవు, క్యాబులూ లేవు. ఎర్రమట్టి, జీడితోటలు, కొండ మీంచి చల్లటి గాలి. ఇంటావిడ మంచిది, కిరసనాయిలు స్టవ్ వెలిగించి ఇచ్చి పీట కూడా వేసింది. అత్తగారు బోరు కొట్టి నీళ్లు పట్టుకొచ్చి, సత్తుగిన్నెలో పప్పు పడేసి దాని ముందు కూర్చుంది. నేను పిల్లని భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. గంట గడిచింది. ఆ గంటలో ఎప్పుడో పిల్ల నిద్రపోయింది, నోరు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చుకుంటూ, ఏ చప్పుడూ లేకుండా. దాని నిద్ర అలా చూసి ఎన్ని నెలలైందో. అత్తగారు తలెత్తి దానివైపే కాసేపు చూసింది. తర్వాత గరిటెతో ఒక బద్ద తీసింది. వేళ్లతో నొక్కలేదు, నేరుగా నోట్లో వేసుకుని మింగేసింది. "ఉడికిపోనాది. నీళ్లు బాగున్నాయి. ఎప్పుడు దిగమంటారమ్మా?" అని ఇంటావిడని అడిగి, నేను దగ్గరికి వెళ్లేలోపే గిన్నె పెరట్లో కుమ్మరించేసింది. నేను సింహాద్రి అప్పన్నకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పిల్ల ఆయాసం నెలనెలకీ తగ్గింది, తగ్గనిది నా రోషమే. ఎందుకంటే ఆ ఇంట్లో దిగిన రోజు నుంచీ అత్తగారు నన్ను పప్పు జోలికి రానివ్వలేదు. కూర వండుకో, చారు పెట్టుకో, వేపుడు చేసుకో, పప్పు మాత్రం ఆవిడే. రెండ్రోజులు ఊరెళ్లినా, "నానొచ్చేదాకా పప్పు ఎట్టకు" అని మరీ వెళ్లేది. మా పుట్టింట్లో నా పప్పుకి పేరు! అలాంటిది నాకే ఇంత అవమానమా అని కుతకుతలాడిపోయాను. ఆనాడు రోడ్డు మీద అన్న మాటకి ఇలా కసి తీర్చుకుంటోందని తీర్మానించేసి, ఇంటికొచ్చినవాళ్లందరి దగ్గరా చెప్పుకున్నాను. పైగా ఆవిడకి కొత్తగా భక్తి పట్టుకుంది. తెల్లవారకముందే బిందె చంకనెత్తుకుని, శివుడికి నీళ్లు పోసి వస్తానని వెళ్లిపోయేది. మొదట్లో రాత్రంతా పిల్లతో మేలుకుని నేను ఆ వేళకే కాస్త కునుకు తీసేదాన్ని. పిల్ల కుదుటపడ్డాక కూడా ఆ నిద్ర అలాగే అలవాటైపోయింది. లేచేసరికి వంటింట్లో రెండు ఇత్తడి బిందెల నిండా నీళ్లుండేవి. బోరు నీళ్లే అనుకున్నాను. తియ్యగా ఉండేవి. మడ్డి అడుక్కి దిగడానికి ఆవిడ బిందె లోపల ఇండుపగింజ అరగదీసేది లెండి, అంతా ఆ గింజ మహత్యం అనుకుని మా అక్కకి కూడా నాలుగు గింజలు పంపించాను.

రెండేళ్లు ఇలా గడిచాక ఒకనాడు ఆవిడకి జ్వరం వచ్చి లేవలేకపోయింది. పొద్దున్నే తలుపు చప్పుడైతే తీశాను. నెత్తిమీద చేపల గంప, చంకలో నీళ్ల బిందెతో ఒకావిడ నిలబడి ఉంది. భీమిలి వైపు నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. "మీ అత్త రానేదేటమ్మా ఇయాల? లైన్లో తన వొంతు పోద్దని నానే పట్టీసినాను" అంటూ బిందె దించింది. ఏ లైన్ అని అడిగితే నన్ను వింతగా చూసింది. మెయిన్ రోడ్డుకి అవతల ఏటి నీళ్లొచ్చే వీధి కొళాయి ఒకటుందట, తెల్లవారుజామున గంటసేపు నీళ్లొదులుతారట. మా అత్తగారు రోజూ అక్కడికి రెండుసార్లు వెళ్లి రెండు బిందెలు మోసుకొస్తుందట. "మీ బోర్నీళ్లకి పప్పు ఉడకదంట గదా. తెలిసే ఒప్పీసుకున్నాదంట, గుంటకి ఇక్కడ గాలి బాగున్నాదని" అనేసి, చేపలేమైనా కావాలా అని కూడా అడిగి వెళ్లిపోయింది.

నేను వెళ్లి అత్తగారి మంచం పక్కన కూలబడ్డాను. ఉడకని పప్పుని ఉడికిందని ఎందుకన్నారని అడిగాను. ఆవిడ కళ్లు తెరవకుండానే, "పప్పుడక్కపోతే సారు తాగి బతుకుతాం. గుంటకి ఊపిరాడకపోతే ఏటి తాగి బతుకుతాం?" అంది. మరి నాకు చెప్పి ఉంటే నేనే వెళ్లేదాన్ని కదా అన్నాను. "రేత్రంతా గుంటని మోసినదానివి, పొద్దున్న బిందె కూడా మోస్తావేటి? పడుకోనీలే అని ఊరుకున్నాను" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ గురించి నలుగురిలో చెప్పుకున్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. శివుడి సంగతి అడిగితే మాత్రం కాస్త నవ్వింది. "దార్లోనే గుడి. ఓ సెంబుడు పోసీసి వచ్చేదాన్ని. దేవుడి పేరు సెప్పి అబద్దమాడితే కళ్లు పోవేటి?" అంది.

ఆవిడ కోలుకున్నాక ఇద్దరం చెరో బిందెతో వెళ్లేవాళ్లం. బిందె చంకన పెట్టుకోవడం కూడా రాదని దారి పొడుగునా నన్ను తిట్టేది, లైన్లో మాత్రం అందరికీ "మా కోడలు" అని చూపించేది. ఆవిడా నేనూ నిజంగా మాట్లాడుకున్న మాటల్లో ముప్పాతిక వంతు ఆ దారిలోవే. అలా రెండేళ్లే వెళ్లాం. మా వీధిలోకి పైపు వచ్చేనాటికి ఆవిడ లేదు. పెద్దపిల్ల ఇప్పుడు భీమిలి బడిలో ఆటల టీచరు, మైదానమంతా పరుగెడుతుంది. నాకు అరవై దాటాయి. రోజూ నాలుగున్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది, ఎంత పొర్లినా మళ్లీ నిద్ర పట్టదు. వయసమ్మా, అంటారు అందరూ. వయసే కావచ్చు. ఆవిడ ఒక్కతే బిందె ఎత్తుకుని వెళ్లిన రెండేళ్లూ నాకు రాని మెలకువ, పక్కన నడవడానికి ఆవిడ లేని ఇన్నేళ్లకి, ఒక్క రోజు కూడా తప్పకుండా వస్తోంది.