విరుదునగరం బండికి అడ్డొచ్చిన శనివారం నూనె

విరుదునగరం ప్రజలకు, కొత్త మోటారుసైకిళ్లు కొన్నవారికి, ముఖ్యంగా మా అక్క మరిదికి నా సాష్టాంగ క్షమాపణలు.

ఈ రోజు బడి లేదు కదా అని మా అక్క కొడుకులిద్దరినీ నా సైకిల్ మీద కోవిల్‌పట్టి బజారుకు తీసుకెళ్లి కడలమిఠాయి, అదే వేరుశెనగ చిక్కీ, కొనిపెడదామనుకున్నాను. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు కూడా. అంతలో ఆ మరిది మహానుభావుడు కొత్త బండి మీద దిగి, "రాండ్రా, విరుదునగరం పోయి నూనిలో ఏంచే ఆ నూని పరోటా తిందాము" అన్నాడు. ఇద్దరూ నా సైకిల్ మీంచి దూకేశారు.

"మరి నా సైకిలురా?" అన్నాను.

"అది యాడికీ పోదులే మామా, సుమ్మా అట్ల ఊరికే నిలబెట్టు" అన్నాడు చిన్నోడు.

వాళ్లు బండి చుట్టూ తిరిగి చూసి ఎక్కేలోపు మా అమ్మ నూనె గిన్నెతో వాకిట్లోకి వచ్చింది. "శనివారం తలకు పోసుకోకుండా యాడికిరా? పోసుకున్నాక ఎండలో తిరిగితే జొరమొస్తాది!"

పరోటా అక్కడితో ఆగింది. సీకాయ కళ్లలో పడి పిల్లలు ఏడిస్తే, వాళ్ల చిన్నాయనే ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊదాడు. నా ఒడి ఖాళీగానే ఉంది.

ఇందులో నా తప్పేముందో మీరే చెప్పండి. నేను చేసిందల్లా ఒక్కటే. ఈ రోజు శనివారమని అమ్మ చెవిలో వేసి, ఆ నూనె వెచ్చబెట్టి చేతికిచ్చాను.