ఎఫ్ నైన్ నేర్పని మేడమ్

మా కంప్యూటర్ మేడమ్ పోయారు. కేన్సర్ తిరగబెట్టిందట. అంతకుముందు ఒకసారి వచ్చి తగ్గిందని కూడా మాకెవరికీ తెలియదు. తాడేపల్లిగూడెం నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అక్క డైరీలో మీ నంబరు ఉందండి, అందుకని చేశాను" అన్నాడు. ఆ డైరీలో ఉండదగ్గ మంచి నేనేమీ చెయ్యలేదు.

ఏలూరులో జిరాక్స్ షాపు మేడమీద ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. మేడమ్ రోజూ గూడెం నుంచి పాసింజరు రైల్లో వచ్చేవారు. నేను కొల్లేటి చెరువుల దగ్గర్నుంచి బస్సులో, చొక్కాకి చేపల మేత వాసనతో దిగేవాణ్ని. అలాంటి నన్ను కూడా "అండీ" అనేవారు.

క్లాసు మొదలవగానే మౌస్‌లన్నీ పీకించి బీరువాలో పెట్టించేవారు. "కళ్లు స్క్రీన్ మీద ఉండాలండీ. దారి వేళ్లకే తెలియాలి" అనేవారు. ప్రోగ్రాంలో ఒక లైను రాశామో లేదో వెనకనుంచి, "ఎఫ్ టూ కొట్టారా అండీ?" అని వినబడేది. ఎఫ్ టూ అంటే సేవ్. కరెంటు చెప్పి పోదు కదా. పక్క బ్యాచ్ వాళ్లు గంటసేపు రాసింది పోగొట్టుకుని తలలు పట్టుకుంటే, మాకు పోయేది చివరి లైను ఒక్కటే. ఇవాళ ఆఫీసులో కూడా సేవ్ కొట్టకుండా నేను మంచినీళ్లకి లేవను.

ఒకటి మాత్రం నాకు గిట్టేది కాదు. ప్రోగ్రాం నడపడానికి ఊరంతా కంట్రోల్, ఎఫ్ నైన్ కలిపి కొడుతుంటే, మేడమ్ మాత్రం ఆల్ట్ ఆర్, మళ్లీ ఆర్ అని చుట్టుతిప్పి నేర్పేవారు. తాను కూర్చుని టైపు చేసి చూపించేవారు కాదు. కుడిచెయ్యి ఎప్పుడూ పైట కిందే. పొగరనుకున్నాను. ఓనరు దగ్గరికెళ్లి, "మేడమ్‌కి ఎఫ్ నైన్ కూడా రాదండీ" అని చెప్పాను. తెలివైనవాణ్ననిపించుకోవాలని నా యావ.

ఓనరు అందరిముందూ అడిగాడు. "ఏవండీ మేడమ్, ఒకసారి కొట్టి చూపించండి."

ఆవిడ ఎడమచెయ్యి కీబోర్డు మీద పెట్టారు. చిటికెనవేలికి కంట్రోల్ దొరికింది, ఎఫ్ నైన్ దాకా చెయ్యి చాలలేదు. కుడిచెయ్యి పైట కిందనుంచి రాలేదు. "నేర్చుకుంటానండీ" అన్నారు మెల్లగా. నెలాఖరుకి కొత్త సార్ వచ్చాడు.

వెళ్లేరోజు మెట్ల దగ్గర తన నంబరిచ్చి, నాది రాసుకున్నారు. "ఉద్యోగం వస్తే చెబుతారా అండీ?" వచ్చింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఓనరుకి చెప్పింది నేనేనని ఆవిడకి తెలుసో లేదో.

తమ్ముడి ఫోన్ రాగానే గూడెం వెళ్లాను. సమాధుల తోట నుంచి వాళ్లింటికొచ్చాక అతను చెప్పాడు. "మొదటి ఆపరేషనప్పుడే అక్కకి కుడిచెయ్యి వాచి పట్టు పోయిందండి. తెలిస్తే పన్లోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పుకునేది కాదు." నోటికాడి కూడు పడగొట్టింది నేనే. ఆ మాట అతనితో అనలేకపోయాను. కంప్యూటర్ లేని బల్లమీద ఒక్కటే ఉన్న పాత కీబోర్డు చూపించి, "పని పోయాక ఇదే ముందేసుకుని కూర్చునేదండి" అన్నాడు.

పై వరుసలో ఎఫ్ టూ మీద అక్షరం చెరిగిపోయింది. అది నేను అనుకున్నదే. ఎఫ్ నైన్ మీద కూడా చెరిగిపోయింది. దాని కింద, కుడివైపు చివర్న ఇంకో కంట్రోల్ ఉంటుంది, దాని మీదా లేదు. ఎడమచెయ్యి అటు చాపి చూశాను. రెండూ తేలిగ్గా అందాయి. కీబోర్డు వైరు మాత్రం చుట్టచుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.