మాథ్యూ అన్న కత్తిలో దబ్బనం

కృష్ణపట్నం రేవులో ఏ దేశపు నావికుడు దిగినా మా మాథ్యూ అన్న ముందు కత్తి తీసి చూపిస్తాడు. ఊరు చూపించడం తరవాత.

భయపడకండి. అది జేబులో పట్టే ఎర్ర కత్తి. పదకొండేళ్ల కిందట ఓ కెప్టెన్ అభిమానంగా ఇచ్చిపోయాడు. అందులో పధ్నాలుగు పనిముట్లు మడతపడి ఉంటాయి. పదునైన బ్లేడ్ల జోలికి అన్న పోనే పోడు. వెనకవైపు దాక్కుని ఉండే వంకర కొక్కెం, బెజ్జం ఉన్న దబ్బనం, పిసరంత పట్టకారు, ఇవే ఆయనకు ప్రాణం. ఓడల ఏజెంటు దగ్గర అన్న వ్యాను డ్రైవరు, నేను కాగితాలు చూసే గుమాస్తాని. నావికుల్ని నెల్లూరు తీసుకుపోయి తీసుకురావడం మా పని. వ్యాను రేవు గేటు దాటకముందే ఏదో ఒకటి బయటికి తీస్తాడు.

"మై ఫ్రెండ్! దిస్, యువర్ కంట్రీ, వాట్ డూ?"

వాళ్లు ముందు బిత్తరపోతారు, ఆపైన ఆపమన్నా ఆపరు. నార్వే ఆయన పార్సిలు దారం వేళ్లు కొయ్యకుండా కొక్కేనికి తగిలించి మోస్తాడట. ఫిలిప్పీన్స్ ఆయన పొయ్యి మీది గిన్నెని, దాని తీగపిడి పట్టుకుంటే చెయ్యి కాలుతుందని, దాంతోనే దించుతాడట. టర్కీ ఆయన బూట్ల లేసులు బిగిస్తాడట. ఈజిప్టు ఆయనైతే ఉపవాసాల నెలలో నడుం సన్నబడ్డప్పుడు దబ్బనంతో బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకుంటానన్నాడు.

విన్నది ఇంట్లో చేసి చూడకపోతే అన్నకు నిద్రపట్టదు. మర్నాటికల్లా ఆయన బెల్టుకి ఆరు కొత్త బెజ్జాలు పడ్డాయి.

"పొట్టేమన్నా తగ్గినాదా?" అని వాళ్లావిడ కరుణాకుమారి నిలదీసింది.

"తగ్గినప్పుడు పనికొస్తాయిలేవే!"

జపాన్ ఆయన చేపముళ్లు పట్టకారుతో లాగుతామని చెప్పిన వారం మరీ ఘోరం. ఆదివారం వాళ్లింటికి పాస్టరుగారు భోజనానికొచ్చారు. నేనూ ఉన్నాను. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది, చేపముక్కలు మాత్రం అన్న చేతిలోంచి కదలవు. ఒక్కో ముల్లూ లాగి పళ్లెం అంచున వరసగా పేరుస్తున్నాడు. మధ్యాహ్నం రెండు దాటింది. పాస్టరుగారు మూడో గ్లాసు నీళ్లు తాగి, "ముళ్లతోనే వేసెయ్యమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అన్నారు.

ఇలా మూడేళ్లు విన్నాను. మనిషన్నవాడికి ఓపికకు హద్దుంటుందా లేదా? ఒకరోజు ఫోన్లో వెతికి, ఆ కత్తిలో ఏ పనిముట్టు దేనికో బొమ్మలతో సహా అచ్చు తీయించి, లామినేషన్ చేయించి, డ్రైవరు సీటు వెనక అతికించాను.

"చూడన్నా, ఇంక నువ్వు ఎవుర్నీ అడగబళ్లా!"

అన్న దాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "బాగుండాది పెంచలా, శానా కష్టపడినావే" అన్నాడు.

ఆ తరవాత అన్న అలవాటు చొప్పున కొక్కెం చూపిస్తే నావికులు ఆ కాగితం వైపు వేలు చూపించి ఫోన్లలోకి తల దూర్చేసేవారు. వ్యానులో మాటా పలుకూ లేదు. నాలుగు రోజులు నేను హాయిగా కునుకు తీశాను.

అయిదోరోజు నెల్లూరు ఆసుపత్రి నుంచి ఓ నావికుణ్ణి ఓడకు చేర్చాల్సి వచ్చింది. పేరు గియోర్గి, జార్జియా దేశం, మొదటి ఉద్యోగం. ఓడ నిచ్చెన మీంచి జారిపడ్డాడు. దెబ్బేమీ లేదు, బాగా బెదిరిపోయాడంతే అన్నారు డాక్టరుగారు. కానీ రెండు రోజులుగా నోరు విప్పలేదు. కెప్టెన్ ఫోన్లో నాకు తెగేసి చెప్పాడు, "అతను నాతో మాట్లాడితేనే ఎక్కించుకుంటాను. నాలుగింటికి ఓడ కదులుతుంది." మాట్లాడకపోతే ఉద్యోగం పోయినట్టే.

టైము రెండున్నర. నేను "ఆర్ యూ ఓకే?" అని ముప్ఫైసార్లు అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. దారిలో ముత్తుకూరు దగ్గర అన్న వ్యాను పక్కకి ఆపి, వెనక సీట్లోకి పోయి కూర్చుని, దబ్బనం తీశాడు.

"మై ఫ్రెండ్! దిస్, యువర్ కంట్రీ, వాట్ డూ?"

గియోర్గి నీరసంగా చెయ్యెత్తి నా కాగితం చూపించాడు. నా మీద నాకే ఒళ్లు మండింది.

"దట్ పేపర్, రాంగ్!" అన్నాడు అన్న. దబ్బనం చెవి దగ్గర పెట్టుకుని గిరగిరా తిప్పాడు. "ఇండియా, ఇయర్ క్లీన్!"

"నో!" అని గియోర్గి కెవ్వుమన్నాడు. "నో, నో, నో!"

ఆ కత్తి లాక్కున్నాడు. బెజ్జంలోకి దారం ఎక్కించినట్టు చేతులు తిప్పుతూ వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. వాళ్ల అవ్వ దబ్బనంతో అక్రోటు పప్పులు దండ గుచ్చుతుందట. ద్రాక్షరసం పిండితో కలిపి చిక్కగా కాచి, దండని అందులో ముంచి, ఎండలో వేలాడదీస్తుందట. ఆరకముందే దొంగతనంగా తిని వీడు తన్నులు తిన్నాడట. నేను గబగబా కెప్టెన్‌కి ఫోన్ కలిపి ఇస్తే, "ఐ యామ్ ఫైన్, క్యాప్టెన్. వెరీ హంగ్రీ" అన్నాడు. మూడున్నరకు ఓడెక్కి, పైనుంచి రెండు చేతులూ ఊపాడు.

తిరిగొస్తుంటే అడిగాను. "అన్నా, అది చెవిలో పెట్టుకునేదని నిజంగానే అనుకున్నావా?"

"నాకేమన్నా పిచ్చా? ఏది దేనికో రాసుండే కాగితం కత్తితోపాటే వచ్చినాది. మొత్తం చదివినా."

"మరి పదకొండేళ్లుగా వచ్చినోళ్లందర్నీ ఎందుకడిగినావు?"

"ఎనిమిదేసి నెల్లు నీళ్లమీద ఉండొస్తారబ్బయా. ఎట్లుండావంటే ఫైన్ అంటారు. ఇంటి సంగతి అడిగితే కళ్లల్లో నీళ్లొస్తాయని సిగ్గుపడతారు. కత్తి గురించైతే ఏం సిగ్గు? అమ్మ, అవ్వ, ఆలి, అందరూ వాళ్లంతట వాళ్లే వస్తారు."

నాకు తల కొట్టేసినట్టయింది. "నా కాగితం పీకెయ్యమని ఒక్క మాట చెప్పుంటే పోయేది కదన్నా!"

"లామినేషన్ కూడా చేయించినావు కదరా. నొచ్చుకుంటావని ఊరుకున్నా."

రేవు బయట వ్యాను ఆపించి పీకడం మొదలుపెట్టాను. కాగితం వచ్చింది గానీ జిగురు రాలేదు. "ఆ కత్తి ఇట్లియ్యన్నా" అని చెయ్యి చాపాను.

అన్న జేబు గట్టిగా పట్టుకున్నాడు. "ఛీ, దీనికి జిగురంటుకుంటాది. గోళ్లతో గీకు."